ఉత్తర తెలంగాణ స్విఫ్టులు: తాటికమ్మ, గోడ, గుట్ట

స్విఫ్టులు నేల మీద వాలని పక్షులు. తిండి, నీళ్లు, గూటికి కావలసిన ఈకా దూదిపింజా అన్నీ ఎగురుతూనే సంపాదించుకుంటాయి. ప్రపంచంలో వీటి జాతులు నూరుకు అటూ ఇటూగా ఉన్నాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో చీలి ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అయ్యాయి. ఈ నేల మీద చెప్పుకోదగ్గ అసలు స్విఫ్టులు మూడు: తాటి స్విఫ్ట్, చిన్న స్విఫ్ట్, కొండ స్విఫ్ట్. వీటికి దగ్గరి చుట్టమైన కొప్పు స్విఫ్ట్ వేరే కుటుంబానిది, అయినా దాన్ని వదిలేస్తే కథ సగమే అవుతుంది.

తిరగడానికి ఆకాశమంతా ఉన్నా ఈ పక్షుల బతుకును తేల్చేది గూడు అంటించుకునే చోటే. ఒకదానికి తాటాకు, ఒకదానికి గోడ, ఇంకోదానికి కొండచరియ, నాలుగోదానికి ఎండిన కొమ్మ. ఆ చోటు ఉంటే పక్షి ఉంటుంది, పోతే పోతుంది. అందుకే ఇక్కడ వీటిని రంగును బట్టీ పొడవును బట్టీ కాక, గూడు అతికించుకునే చోటును బట్టి వరుసగా చూద్దాం.

శరీరం

స్విఫ్టుకు రెక్కలే ఒళ్లు. భుజం ఎముక పొట్టిది, చేతి ఎముకలు పొడవైనవి. అందువల్ల రెక్క కొడవలిలా వంగి, బిర్రుగా ఉండి, గాలిని కోసుకుంటూ పోతుంది. ముక్కు చిన్నది కానీ నోరు తెరిస్తే చెవుల దాకా తెరుచుకుంటుంది. ఎగిరే పురుగును పట్టడానికి కావలసింది అదే. కాళ్లు మరీ చిన్నవి. గోళ్లు మాత్రం పదునైనవి, నిలువు రాతిని, ఇటుకను, ఆకు మడతను గట్టిగా పట్టుకుంటాయి. కొమ్మ మీదో తీగ మీదో కూర్చోవడం వీటి చేత కాదు. పొరపాటున చదును నేల మీద పడ్డ స్విఫ్ట్ లేవడానికి చాలా తంటాలు పడుతుంది. అలాంటి పిట్ట దొరికినవాళ్లు దెబ్బ తగిలిందనుకుని పంజరంలో పెడుతుంటారు. గాయం లేకపోతే దానికి పంజరం అక్కర్లేదు. అరచేతిలో ఎత్తి పట్టుకుంటే చాలు, చాలాసార్లు అదే లేచిపోతుంది.

శాస్త్రజ్ఞులు స్విఫ్టులకు వానకోయిలలతో చుట్టరికం కలపరు. చూపుకు రెండూ ఒకేలా ఉన్నా, గాలిలో పురుగులు పట్టే పని ఒకటే కావడంతో విడివిడిగా ఒకే రూపానికి వచ్చాయి. స్విఫ్టులకు అసలు దాయాదులు అమెరికా ఖండాలలో పూలతేనె తాగే హమ్మింగ్ పక్షులు.

ఇంకో విశేషం ఉమ్మి. గూడు కట్టే కాలంలో స్విఫ్టుల నోటి గ్రంథులు ఉబ్బి, జిగురుగా సాగే లాలాజలాన్ని ఊరిస్తాయి. గాలి తగలగానే అది గట్టిపడుతుంది. మట్టి ముద్దలతో గూడు కట్టే వానకోయిల చెరువు గట్టున దిగి బురద మోయాలి, స్విఫ్టుకు ఆ అవసరం లేదు. ఆగ్నేయాసియాలోనూ మన అండమాన్ దీవుల్లోనూ కొన్ని బుల్లి స్విఫ్టుల గూళ్లు దాదాపు ఉమ్మితోనే తయారవుతాయి. వాటిని సూపు కాచుకుని తాగే చైనా వంటకానికి పెద్ద గిరాకీ ఉంది. మన ప్రాంతపు స్విఫ్టులలో ఉమ్మి సిమెంటు పని మాత్రమే చేస్తుంది, ఈకలూ పీచూ ఇటుకలు.

తాటికమ్మ కింద

కరీంనగర్ వైపు పొలాల మీద అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది తాటి స్విఫ్ట్. శాస్త్రీయ నామం సిప్సియూరస్ బలాసియెన్సిస్. 1829లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని లోకానికి పరిచయం చేశాడు. పదమూడు సెంటీమీటర్ల పొడవు, పది గ్రాముల లోపు బరువు, ఒళ్లంతా మసక గోధుమ రంగు. తోక లోతుగా చీలి ఉన్నా ఎగిరేటప్పుడు మూసుకుని సూదిలా కనిపిస్తుంది. మలుపు తిరిగేటప్పుడే ఆ చీలిక బయటపడుతుంది. రంగులో చెప్పుకోవడానికి ఏమీ లేని ఈ పిట్టను గుర్తుపట్టడానికి రంగు అక్కర్లేదు. తాటిచెట్టు ఉన్నచోట, దాని తల చుట్టూ, సన్నగా కిచకిచమంటూ నాలుగైదు పిట్టలు రెక్కలు టపటపలాడించి, కొంచెం తేలి, మళ్లీ టపటపలాడిస్తూ తిరుగుతుంటే అవి ఇవే.

తాటాకు విసనకర్రలా విచ్చుకుని, మడతలు మడతలుగా ఉంటుంది. మొవ్వులో నుంచి కొత్త ఆకులు వస్తున్న కొద్దీ పాతవి కిందికి వాలి, ఎండి, కాండం చుట్టూ వేలాడతాయి. తాటి స్విఫ్ట్ ఎంచుకునేది ఆ వేలాడే కమ్మనే. ఆకు అడుగున, మడత లోపల, ఈకలనూ దూదిలాంటి గింజల నూగునూ ఉమ్మితో అంటించి చిన్న జేబు లాంటిది చేస్తుంది. అందులో రెండు మూడు గుడ్లు. ఆకు నిలువుగా వేలాడుతుంది, గాలికి ఊగుతుంది, గూటికి అంచంటూ లేదనే చెప్పాలి. మరి గుడ్డు ఎలా నిలుస్తుంది? దాన్ని కూడా ఉమ్మితో గూటికి అతికిస్తుంది. తల్లీ తండ్రీ ఆకును గోళ్లతో పట్టుకుని నిటారుగా వేలాడుతూ పొదుగుతాయి. రాత్రి పడక కూడా ఆ కమ్మల్లోనే, అదే నిలువు భంగిమలో. పక్షి ప్రపంచంలో ఒకే రకం చెట్టుకు ఇంతగా కట్టుబడ్డ ఇల్లు అరుదు. ఈశాన్య భారతంలో తాటి లాంటి ఆకులతో కప్పిన గుడిసెల చూరుల్లోనూ ఈ పక్షి గూడు పెట్టడం చూశారు. చెట్టు మీద ఉన్నా ఇంటి మీద ఉన్నా దానికి ఆకే లెక్క.

ఇక్కడ గీత కార్మికుల ప్రస్తావన రాక తప్పదు. తెలంగాణ పల్లెలో తాటివనం గౌడ కులస్తుల జీవనాధారం. మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ చెట్టెక్కే మనిషి కళ్లకు ఈ పిట్టలు కొత్త కావు. గీసే చెట్టుకు కింది కమ్మలు అడ్డం వస్తాయి, వాటిని కొట్టేస్తారు. కొట్టిన కమ్మలు గుడిసెల మీదికి, పందిళ్ల మీదికి, పొయ్యిలోకి పోతాయి. కాబట్టి గీత సాగే చెట్టు మీద వేలాడే కమ్మలు తక్కువ, వదిలేసిన చెట్టు మీద ఎక్కువ. అయితే గీత లేకపోతే పక్షికి మేలని లెక్క కట్టడం తొందరపాటే. పొలం గట్టున తాటిచెట్టును నరకకుండా నిలిపింది ఇన్నాళ్లూ కల్లే. ఆదాయం ఇచ్చే చెట్టును ఎవరూ కొట్టరు. కల్లు గిరాకీ తగ్గినచోట చెట్టుకు కాపలా తగ్గింది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, పొలాన్ని ప్లాట్లుగా కోసేటప్పుడు మొదట పడేది గట్టు మీది తాటిచెట్టే.

మంట ఇంకో దెబ్బ. శ్రీరామసాగర్ కాలువల కింద పాత కరీంనగర్ జిల్లాలో వరి విస్తరించింది. కోత మిషన్లు వచ్చాక పొలంలో మిగిలే కొయ్యకాళ్లు పొడుగ్గా ఉంటున్నాయి. రెండో పంటకు తొందరపడే రైతు వాటికి నిప్పు పెడతాడు. ఆ మంట గట్టెక్కితే, కిందికి వేలాడే ఎండు కమ్మలు అంటుకుని చెట్టు నిలువునా కాలుతుంది. తాటి స్విఫ్ట్ గూడు కట్టేది సరిగ్గా ఆ ఎండు కమ్మల్లోనే. పచ్చి మొవ్వు బతికి చెట్టు మళ్లీ చిగురించినా, కమ్మలు ముదిరి వేలాడే దాకా అక్కడ గూటికి చోటు లేనట్టే. మొవ్వు కూడా మాడిపోతే ఆ చెట్టు స్థానంలో ఇంకోటి రావడానికి ఒక తరం పడుతుంది. తాటిమొక్క గెల వేసే వయసుకు రావడానికే పన్నెండు పదిహేనేళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 2015లో మొదలైన హరితహారం పథకంలో తాటి, ఈత మొక్కలూ నాటించారు. గీత వృత్తి కోసం చేసిన పని అది. స్విఫ్ట్ ఏ కాగితంలోనూ లేదు. అయినా ఈ పక్షికి పనికొచ్చే మొక్కల పెంపకం ఏదన్నా ఉందంటే, నీడ కోసం బాటపక్కన నాటే గుల్‌మొహర్లూ కానుగలూ కాదు, అదే.

గోడల మీద

పట్టణంలో ఉండేది చిన్న స్విఫ్ట్, ఏపస్ అఫినిస్. దీన్ని ఇంటి స్విఫ్ట్ అని కూడా అంటారు, అయితే ఆ పేరు ఇప్పుడు తూర్పు ఆసియాలోని దాని తోబుట్టువుకు స్థిరపడింది. పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల పొడవు, పాతిక గ్రాముల చిల్లర బరువు. నల్లటి ఒంటి మీద నడుం దగ్గర తెల్లటి పట్టీ, తెల్లటి గొంతు, చీలిక లేని పొట్టి తోక. ఇంత స్పష్టమైన గుర్తులున్న పక్షిని ఇంకోదానిగా పొరబడడం కష్టం.

ఇది గుంపుగా బతుకుతుంది. వంతెన అడుగున, పాత మసీదు గుమ్మటం లోపల, గుడి మండపం దూలాల సందున, కోట ద్వారం పైకప్పు కింద గూళ్లు ఒకదానికొకటి ఆనుకుని కడుతుంది. గడ్డిపోచలు, ఈకలు, దూది ఉమ్మితో కలిపి చేసిన గుండ్రటి మూట, పక్కన చిన్న ద్వారం. గూట్లో రెండు మూడు గుడ్లు. పిల్లలు ఎగిరిపోయాక కూడా గూడు ఖాళీ కాదు. ఏడాది పొడవునా రాత్రిళ్లు పెద్దవి అక్కడికే వచ్చి పడుకుంటాయి. గూళ్లను కబ్జా చేసే ఊరపిచ్చుకలతో తగువులు మామూలే, చాలాసార్లు ఓడేది స్విఫ్టే.

ఎల్గందుల, జగిత్యాల, రామగిరి, నిర్మల్ కోటల్లాంటి పాత కట్టడాలు ఈ పక్షి కోరుకునే తీరులో ఉంటాయి: ఎత్తు, నీడ, గరుకు సున్నం, మనిషి చెయ్యి అందని మూల. కాంక్రీటును అది కాదనదు. గోదావరి మీది పెద్ద వంతెనలూ, బస్టాండ్ల కప్పులూ, నాలుగంతస్తుల మేడల పోర్టికోలూ దానికి కొండచరియలే. ఇబ్బంది నున్నటి రంగుతోనూ అద్దంతోనూ వస్తుంది. పాత గోడకు మరమ్మతు చేసేటప్పుడు గూళ్లను గీకేయడంతోనూ వస్తుంది. మరమ్మతు అక్కర్లేదని ఎవరూ అనరు. గుడ్లూ పిల్లలూ ఉన్న నెలలు దాటాక చేస్తే చాలు. ఇక్కడ గూళ్ల కాలం ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది కాబట్టి చలికాలమే తగిన వేళ.

సాయంత్రం పూట గుంపు మొత్తం బిర్రుగా గుండ్రంగా తిరుగుతూ సన్నటి కీచుగొంతుతో అరుస్తూ పైకి పోవడం ఈ పక్షి అలవాటు. దాని గూళ్లున్న కట్టడాల కింద నిలబడితే ఈ గోల వినకుండా ఉండలేం.

గుట్టల మీద

కొండ స్విఫ్ట్‌ను ఇంగ్లీషు పుస్తకాల్లో ఆల్పైన్ స్విఫ్ట్ అంటారు. శాస్త్రీయ నామం టాకిమార్ప్టిస్ మెల్బా. 1758లో లిన్నేయస్ దీన్ని వానకోయిలల్లో కలిపి రాశాడు, ఆనాటికి అందరిదీ అదే నమ్మకం. మన స్విఫ్టులలో పెద్దది ఇదే. ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు పొడవు, రెక్కలు చాపితే అర మీటరు దాటుతుంది, బరువు వంద గ్రాముల దరిదాపు. అంటే తాటి స్విఫ్టులు పది తూగితే ఇది ఒక్కటి తూగుతుంది. పొట్ట తెలుపు, గొంతు తెలుపు, మధ్యలో ఛాతీకి అడ్డంగా గోధుమ పట్టీ. ఎంత ఎత్తులో ఉన్నా తెల్లటి పొట్ట చూసి చెప్పేయవచ్చు.

దక్షిణ ఐరోపా నుంచి ఆఫ్రికా, హిమాలయాలు, శ్రీలంక దాకా ఇది ఉంది. పశ్చిమ భారత ద్వీపకల్పంలో ఉండే ఉపజాతిని 1965లో బొంబాయి పక్షిశాస్త్రజ్ఞుడు హుమాయూన్ అబ్దులాలీ వేరుచేసి, సర్ దొరాబ్జీ టాటా పేరు మీద దొరాబ్టాటై అని పిలిచాడు. దక్షిణ భారతంలో వీటి గూళ్లకు పేరుపడ్డ చోటు కర్ణాటకలోని జోగ్ జలపాతం. నీళ్లు పడే చరియ పగుళ్లలో, మనిషి అడుగుపెట్టలేని చోట కాపురం పెడతాయి. గడ్డి, ఈకలు గాలిలోనే ఏరి, ఉమ్మితో అంటించి, లోతు లేని పళ్లెంలా గూడు చేసి రెండు మూడు గుడ్లు పెడతాయి. ఇరవై రోజులు పొదిగాక పిల్లలు బయటికి వస్తాయి. అవి ఎగరడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది. ఇంత చిన్న పక్షికి అది చాలా ఎక్కువ కాలం. పురుగులు దొరకని చల్లటి వానరోజుల్లో పిల్లలు ఒంటివేడి తగ్గించుకుని ఆకలిని ఓర్చుకుంటాయి. పెరుగుదల నెమ్మదించినా ప్రాణం నిలుస్తుంది.

ఈ పక్షి గాలిలో ఎంతసేపు ఉండగలదో 2013లో తేలింది. స్విట్జర్లాండ్‌లో గూడు పెట్టే కొండ స్విఫ్టులకు చిన్న పరికరాలు కట్టి, ఆఫ్రికాకు పోయి వచ్చే దాకా వాటి కదలికలు నమోదు చేశారు. రెండువందల రోజుల పాటు అవి ఎక్కడా వాలలేదు. తిండీ నిద్రా గాలిలోనే. మూడేళ్ల తర్వాత స్వీడన్ పరిశోధకులు ఐరోపా మామూలు స్విఫ్ట్ పది నెలలు వాలకుండా గడిపిందని చూపించి ఆ రికార్డును దాటించారు. ద్వీపకల్పంలోని కొండ స్విఫ్టులు ఏ ఖండాలూ దాటవు, ఇక్కడే ఉంటాయి. అయినా పగలంతా వేట కోసం గూటి చరియను వదిలి ఎంతో దూరం పోతాయి. మబ్బు కమ్మినప్పుడు గుంపుగా కిందికి దిగుతాయి, తెరిపివ్వగానే కంటికి ఆనని ఎత్తుకు పోతాయి. తెలంగాణలో ఈ పక్షి కనిపించే తీరు ఇదే: ఉన్నట్టుండి వచ్చి, గంటసేపు గుట్ట చుట్టూ తిరిగి, మళ్లీ ఏ వారానికో.

పాత ఆదిలాబాద్ భూస్వరూపం చూస్తే ఇలాంటి పక్షికి ఇది పరాయి నేల కాదు. పడమటి సగాన దక్కన్ నల్లరాతి పొరలు బల్లపరుపు గుట్టలై, అంచుల్లో నిలువుగా తెగి ఉంటాయి. కడెం వాగు నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతమై నలభై ఐదు మీటర్లు దూకేది ఆ రాతి మెట్ల మీదుగానే. తూర్పున బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట చరియ మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టిన సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. చరియ నిలిచి ఉంటే దాన్ని నమ్ముకున్న జీవాలు ఎంత అరుదైనవైనా మిగులుతాయనడానికి ఆ రాబందులే సాక్ష్యం. కరీంనగర్ వైపు కథ వేరు. అక్కడివి గుండ్రటి గ్రానైట్ గుట్టలు, పగుళ్లూ గుహలూ ఉన్నవి. టాన్ బ్రౌన్ అని విదేశాల్లో పేరుపడ్డ రాయి ఆ గుట్టల్లోదే. క్వారీ తవ్విన గుట్ట మళ్లీ పెరగదు. తాటిచెట్టును నాటుకోవచ్చు, రాతి చరియను నాటుకోలేం.

ఎండు కొమ్మ మీద

కవ్వాల్ అడవుల్లో, టేకూ నల్లమద్దీ ఆకు రాల్చిన ఎండాకాలపు మొదట్లో, మోడు కొమ్మ చివర నిటారుగా కూర్చున్న బూడిదనీలి పక్షి కనిపిస్తే అది కొప్పు స్విఫ్ట్, హెమిప్రోక్నీ కొరోనాటా. నుదుటి మీద కొప్పులా లేచే ఈకలు, ఒంటి కన్నా పొడవనిపించే చీలిన తోక, మగదానికి ఇటుక రంగు చెంపలు. అసలు స్విఫ్టులకు చేతకాని పని, కొమ్మ మీద కూర్చోవడం, దీనికి వచ్చు. అందుకే దీన్ని వేరే కుటుంబంలో పెట్టారు. ప్రపంచం మొత్తం మీద ఆ కుటుంబంలో ఉన్నవి నాలుగే జాతులు, అన్నీ ఆసియాలోనూ దాని తూర్పు దీవుల్లోనూ.

గూడు విషయంలో దీన్ని మించిన పొదుపరి లేదు. ఎండు కొమ్మకు పక్కగా, బెరడు ముక్కలను ఉమ్మితో అంటించి, ఒకే ఒక్క గుడ్డు పట్టేంత దొప్ప చేస్తుంది. పొదిగే పక్షి గూట్లో కూర్చోదు, కూర్చుంటే అది ఊడి పడుతుంది. కొమ్మకు అడ్డంగా కూర్చుని, గుడ్డును పొట్ట ఈకలతో కప్పుతుంది. కింది నుంచి చూసేవాడికి కొమ్మ మీద బుడిపె ఉన్నట్టుంటుంది. పిల్ల పెరిగి గూట్లో పట్టనప్పుడు కొమ్మ మీదికే మారుతుంది, కదలకుండా ఎండలో కూర్చుంటుంది. చచ్చిన కొమ్మనూ మోడు చెట్టునూ పనికిరానివిగా ఏరేసే అడవిలో దీనికి చోటు ఉండదు. కవ్వాల్ 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి పులుల సంరక్షణ కేంద్రం. పులి పేరు మీద దక్కిన రక్షణలో ఈ పక్షికీ వాటా దక్కింది.

తిండి, కాలం

నాలుగింటి ఆహారం ఒకటే: రెక్కల చీమలు, ఈగలు, చిన్న పెంకుపురుగులు, దోమలు, దారం పట్టుకుని గాలిలో తేలే సాలీళ్లు. పిల్లలకు తెచ్చేటప్పుడు వందల పురుగులను గొంతులో ముద్ద చేసి మోస్తాయి. ఎత్తులో మాత్రం పంపకం ఉంది. తాటి స్విఫ్ట్ తాటితల పరిసరాలు వదలదు, చిన్న స్విఫ్ట్ ఊరి మీదా చెరువు మీదా తిరుగుతుంది, కొండ స్విఫ్ట్ మబ్బుల కింద ఉంటుంది. ఈ హద్దులు చెరిగిపోయే రోజులు ఏడాదిలో కొన్ని ఉన్నాయి. మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాక పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. ఆ సాయంత్రం స్విఫ్టులు, నల్లటి ఏట్రింతలు, మైనాలు, కాకులు, చీకటి పడ్డాక గబ్బిలాలు అందరికీ అదే బంతి. ఎండలు ముదిరిన మే నెలలో ఇవే పక్షులు మానేరు డ్యాం లాంటి జలాశయాల మీద నీటి పైపొరను ముక్కుతో గీస్తూ తాగిపోవడం చూడొచ్చు.

నిజాం ప్రభుత్వ సాయంతో 1931–32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి చేసిన పక్షుల సర్వే ఈ ప్రాంతపు పక్షుల లెక్కకు మొదటి గట్టి పునాది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ నివేదికలు విడతలుగా అచ్చయ్యాయి. ఇప్పుడు ఈ నాలుగు జాతులూ ప్రపంచ స్థాయిలో ప్రమాదం అంతగా లేనివాటి జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా ఖండాల లెక్క చూస్తుంది. ఒక మండలంలో తాటిచెట్లు పోతే ఆ మండలంలో తాటి స్విఫ్ట్ ఉండదు, జాబితాలో మార్పేమీ రాదు.

పొరబడేవి

కరెంటు తీగ మీద కూర్చున్నది స్విఫ్ట్ కాదు. ఈ ఒక్క నియమంతో సగం పొరపాట్లు పోతాయి. చలికాలంలో తీగల మీద బారులు తీరేవి వలస వచ్చిన వానకోయిలలు. వంతెనల దగ్గర తోకలో రెండు సన్నటి తీగలతో తిరిగేది తీగతోక వానకోయిల. కోట గోడల మీదా గుట్టల మీదా చిన్న స్విఫ్టులతో కలిసి ఎగిరే ముదురు గోధుమ పక్షి కొండ మార్టిన్. అది మట్టితో గిన్నెలాంటి గూడు కడుతుంది, ఎగురుడు మెల్లగా ఉంటుంది, తోక విచ్చినప్పుడు తెల్లచుక్కల వరుస కనిపిస్తుంది. అందరినీ ఎక్కువగా మోసం చేసేది బూడిదరంగు ఉడ్‌స్వాలో. అది కూడా తాటిచెట్టునే ఇష్టపడుతుంది, గాలిలోనే పురుగులు పడుతుంది, రెక్కలు కదపకుండా తేలుతుంది. కాకపోతే దాని ఒళ్లు బొద్దు, తోక పొట్టి, ముక్కు లావు. వేట ముగిశాక తాటిమట్ట మీదికి తిరిగి వచ్చి, తోటివాటితో ఒరుసుకుని వరుసగా కూర్చుంటుంది. తాటి స్విఫ్ట్ అలా కూర్చోదు. అది మట్ట మీద వాలకుండా నేరుగా కమ్మ అడుగుకు దూరుతుంది.